అమ్మ పేరున్న ఒకే ఒక్క వరస

ఆ ఫోను వచ్చిన రోజు నుంచి, ఒట్టు, నాకు ముద్ద దిగలేదు. "మీ పెదనాన్న పుస్తకంలో జ్ఞానస్నానాల పేర్లన్నీ ఏస్తన్నాడంట గదమ్మా. నరసరావుపేట మడిసెవరో వచ్చి దానికోసం చానా వాకబు చేసిపోయాడు" అంది ఆయన పక్కింటి షహనాజక్క.

మా పెదనాన్న కృపావరం ఐదో తరగతితో బడి మానేసి పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో బతికినవాడు. ఆదివారాలు ముసలి ఫాదర్ దగ్గర లాటిన్ కూడబలుక్కుని, గుడిలోని నూరేళ్ల రిజిస్టర్లన్నీ చదివాడు. సున్నానికి పగిలిన వేళ్లు కాగితాన్ని గీస్తాయని పేజీలు అట్టముక్కతో తిప్పేవాడు. మా ఊరి క్రైస్తవుల చరిత్ర రాయడానికి ముప్పై ఏళ్లు పట్టింది. "ఫాదర్ల పేర్లు అందరూ రాశారు, మనోళ్ల పేర్లు ఎవురు రాశారే?" అనేవాడు. నిజమే మహానుభావా, కాని అందులో నా పేరుందే!

నేను గురజాల దగ్గర టీచర్ని. ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన ఉద్యోగం. జ్ఞానస్నానం పొంది క్రైస్తవురాలినయ్యానని ఎవడైనా అర్జీ పడేస్తే సర్టిఫికెట్ రద్దు, ఉద్యోగం హుళక్కి. దేవుణ్ణి మార్చుకున్నా ఊళ్లో మమ్మల్ని కూర్చోబెట్టే చోటు మారలేదు, ఆ సంగతి ఏ ఆఫీసూ అడగదు. ఆ నరసరావుపేట మనిషి అర్జీ కోసమే తిరుగుతున్నాడని నా మనసుకు గట్టిగా తోచింది.

బస్సెక్కి పరిగెత్తాను. "పెదనాన్నా, నీకు దణ్ణం పెడతా, నా పేరు తీసెయ్."

ఆయన ప్రూఫు కాగితాల మీంచి తలెత్తాడు. "నిన్ను తీస్తే మీ అమ్మ గూడా పోద్దే నిర్మలా."

అమ్మ కాంతమ్మ నన్ను కన్న నెలకే పోయింది. ఫొటో లేదు, రేషన్ కార్డుకెక్కలేదు, సమాధి మీద రాయి లేదు. ఆమె పేరు రాసి ఉన్నది గుడి రిజిస్టర్లో నా జ్ఞానస్నానం వరసలో, తల్లి అన్న గడిలో మాత్రమే.

"పోతే పోనీ" అన్నాను. సిగ్గులేని నోరు, అనేసింది. ఆయన ఎర్ర పెన్నుతో ప్రూఫులో నా పేరున్న నలభై మూడో వరస కొట్టేశాడు. అమ్మ పేరు ఇంకా కనపడుతుంటే మళ్లీ కొట్టాడు.

పుస్తకం వచ్చిన ఆదివారం గుడి దగ్గరికి ఆ నరసరావుపేట మనిషి రానే వచ్చాడు. అతను పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. "మా నాయనమ్మండీ, ఈ ఊరి ఆడపడుచు. ఆమె పేరు ఇన్నాళ్లకి కనపడింది" అని అక్కడే ఏడ్చాడు.

ఇంటికొచ్చి నా పేరుండాల్సిన పేజీ తీశాను. నలభై రెండు తర్వాత నలభై నాలుగు ఉంది. పెదనాన్న అంకెలు సరిచేయలేదు. సరిచేయమని అడిగే మొహం నాకు లేదు.