కాగితం ఎముకల తోరణం

పాప అమ్మమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో తువ్వాలు చుట్టిన స్టీలు డబ్బా. ఆవిడ చూపు మా వీధి గుమ్మం మీద ఉంది. మామిడాకులు కట్టే చోట నేను తెల్ల కాగితంతో కత్తిరించిన ఎముకల్ని దారానికి గుచ్చి వేలాడదీశాను. వాన గాలికి అవి ఒకదానికొకటి తగులుతూ ఊగుతున్నాయి.

"లోపలికి రండమ్మా, నిన్న రాత్రనగా బయల్దేరి వచ్చారు" అన్నాను.

ఆవిడ కదల్లేదు. "ఏటిదమ్మా ఇది?"

"పాప పుట్టినరోజు కదండీ. దానికి కుక్కలంటే ప్రాణం. అందుకని..."

"నా కూతురికి ఏడాది తిరగనేదు" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఏడాది తిరగకుండా గుమ్మానికి ఎముకలు కట్టినావా?"

లోపల గదిలో పిల్లలు భౌ భౌమని అరుస్తూ మంచం చుట్టూ పరిగెడుతున్నారు. సాయంత్రం నాలుగున్నర. కేకు కోయడానికి ఇంకా అరగంట ఉంది. పాప నా దగ్గరే పెరుగుతుందా, ఆవిడతో వెళ్ళిపోతుందా అన్న విషయం ఏడాదిగా నానుతోంది. అది ఆ గేటు దగ్గరే నా చేయి జారిందని నాకు కాసేపటి తర్వాత గానీ తెలియలేదు.

హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో ఇరవై ఏడేళ్ళుగా ఒక హిందీ దినపత్రిక డెస్కు మీద పనిచేస్తున్నాను. ఇంట్లో మాట తెలుగు, జీతం మాట హిందీ. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరాడు. రిటైరయ్యాక అగ్రికోలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, బిర్సానగర్‌లో రెండు గదులూ ఒక వరండా కట్టుకున్నాడు. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు, ఆ పని చేయడానికి తీరిక దొరకలేదు, అంతే.

తమ్ముడు నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. గమ్హరియాలో లారీ విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పని. అక్కడే అద్దె ఇంట్లో భార్యతో, కూతురితో ఉండేవాడు. కిందటేడు వానలు మొదలైన రోజుల్లో అతని భార్యకి జ్వరం వచ్చింది. పదకొండో రోజున పోయింది. వారానికో రకం షిఫ్టు చేసేవాడికి నాలుగేళ్ళ పిల్లని చూసుకోవడం కుదరలేదు. ఒకరోజు పొద్దున్నే పాపనీ, దాని బట్టలనీ తెచ్చి మా వరండాలో దింపాడు.

"ఓ నెల్రోజులు అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. నెల కాస్తా ఏడాదయింది.

పాప అమ్మమ్మది టెక్కలి దగ్గర పల్లెటూరు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "గుంటని నా కాడికి అంపీండి. నా కూతుర్ని పెంచినాను, దీన్ని పెంచలేనా?" అనేది. తమ్ముడు ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "ఏడాది గడవనీ అత్తా. అప్పుడు సూద్దాం." అలా ఆ ఏడాది చివరే మా ముగ్గురికీ గడువుగా మారింది. పైకి ఎవరూ అనేవాళ్ళు కాదు.

మొదట్లో పాప నాతో మాట్లాడేది కాదు. తెలుగులో అడిగితే హిందీలో ఒక్క ముక్క జవాబు. "అన్నం తిన్నావా?" "ఖా లియా." అంతటితో సరి. దాని మాటలన్నీ వీధిలోని ఒక గోధుమరంగు కుక్కతో. ఒక పాదం మాత్రం తెల్లగా ఉండే కుక్క అది. నేను పాప కోసం రాత్రి డ్యూటీ వదిలేసి పగటి డెస్కుకి మారాను; బడి అయ్యాక నేను వచ్చేదాకా వీధిలోని ఒడియా వాళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ మలుపులో ఆగాను. పాప మెట్టు మీద కూర్చుని కుక్క మెడ నిమురుతూ, "అత్త ఆఫీస్ గయీ హై. ఆయేగీ, ఆయేగీ" అంటోంది. వస్తుంది, వస్తుంది అని కుక్కకి ధైర్యం చెబుతోంది. నేను ఆ మలుపులో ఇంకాసేపు నిలబడ్డాను. నేను వస్తానని ఎదురుచూసే మనిషి ఆ ఇంట్లో ఉండి చాలా ఏళ్ళయింది.

ఐదో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగాను.

"కుత్తా వాలా."

"కుక్కపిల్ల కావాలా?"

"నహీఁ. సబ్ కుత్తా బనేంగే." అందరూ కుక్కలవ్వాలట.

"నేనూనా?"

నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, కొంచెం సందేహంగానే, "ఆప్ భీ" అంది.

సాక్చీ బజారులో కుక్క బొమ్మల పళ్ళేలూ టోపీలూ ఉన్న పుట్టినరోజు కట్ట ఒకటి దొరికింది. వాటి మీద ఉన్నవి బొచ్చు కుక్కలు, ఎక్కడో చలిదేశానివి. పాప పెదవి విరిచింది. మన వీధి కుక్క లేదు కాబట్టి అది కుక్కల పార్టీ కాదంది. సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను.

మూడు వారాలు పట్టింది. ప్రెస్సులో కాగితం రీలు అయిపోయాక గొట్టానికి కొన్ని చుట్లు మిగులుతాయి. అది అడిగి తెచ్చుకున్నాను. బంగాళాదుంపని సగానికి కోసి, కుక్క అడుగు ఆకారంలో చెక్కి, కాఫీ రంగులో ముంచి ఆ కాగితం నిండా అద్దాను. తమ్ముడి పాత యూనిఫాం ప్యాంట్లు రెండు గోధుమరంగువి ఉంటే వాటితో చెవులు కుట్టాను. గోనె తాడు విప్పి తోకలు చేసి పిన్నీసులు పెట్టాను. కేకు కుక్కర్లో, అడుగున ఉప్పు పోసి. మొదటి రెండూ మధ్యలో కుంగిపోయాయి. వాటిని ఆఫీసుకి పట్టుకెళ్ళి టీలో ముంచుకుని తిన్నాను. పాప వీధిలో ఆడుకునే సాయంత్రాలన్నీ ఈ పనిలోనే గడిచాయి. తలెత్తి చూస్తే కుర్చీల మీద, కిటికీ మీద, అమ్మ కుట్టుమిషన్ మీద అన్నీ కుక్క చెవులే. మనిషిని మాత్రం నేనొక్కదాన్ని.

ఇక్కడొక నిజం చెప్పాలి. అదంతా పాప కోసమే చేయలేదు. ఆ రోజు తమ్ముడు వస్తాడు. పాప నవ్వడం చూస్తాడు. ఇల్లు నిండా పిల్లలుండటం చూస్తాడు. గడువు వచ్చినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటాడు. అది నా లెక్క.

పిలవడమే నాకు చేతకాలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ ఇంటికి పిలిచిన అలవాటు లేదు. మా వీధిలో మూడు తెలుగు కుటుంబాలు, ఒక ఒడియా కుటుంబం. గడప గడపకీ వెళ్ళాను. మొదటి తెలుగింటావిడ వరండాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది.

"పుట్టినరోజా? ఇంటికాడే సేత్తన్నారా?"

"అవునమ్మా. ఆదివారం ఐదింటికి."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "పెద్దోల్ని అడిగినారా అక్కా?"

"ఎవరిని అడగాలి? మా ఇంటికి నేనే పెద్దదాన్ని కదా" అని నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. "మరైతే సరే. కుదిరితే పిల్లల్ని అంపుతాన్లెండి."

మిగతా రెండిళ్ళలోనూ ఇంచుమించు అదే మాట. కుదిరితే అని ఒక అధికారి అంటే దాని అర్థం నాకు ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి మాటల్ని ఇరవై ఏడేళ్ళు దిద్దాను. బియ్యం ఏరుతున్న ఆడమనిషి నోట మాత్రం పోల్చుకోలేకపోయాను. ఇంటికి వచ్చి ఎనిమిది జతల చెవులు లెక్కపెట్టి పెట్టాను.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. నా లెక్కన ఆ ముందు బుధవారానికే ఏడాది నిండింది. ఆ రోజు మరదలి ఫోటోకి దండ వేసి, ఆమెకి ఇష్టమైన గుమ్మడికాయ కూర వండాను. తమ్ముడు సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురం తిన్నాం. ఏడాది అయిందనుకున్నాను. పత్రిక మొదటి పేజీలో పేరు కింద వేసే తారీఖే నాకు తెలిసిన కాలం. కానీ సంవత్సరీకం తారీఖుని బట్టి రాదు, తిథిని బట్టి వస్తుంది. ఆ ఏడు అధికమాసం పడింది. ఇక్కడ మలమాసం అంటారు. దాంతో తిథి తారీఖు కన్నా పందొమ్మిది రోజులు ఆలస్యంగా పడింది. తమ్ముడి అత్తవారి ఊళ్ళో పురోహితుడికి తెలుసు. మా వీధిలో మూడిళ్ళ వాళ్ళకీ తెలుసు. పంచాంగం కాలమ్ రోజూ నా బల్ల మీదుగానే అచ్చుకి వెళ్ళేది. మలమాసంలో పెళ్ళిళ్ళు ఆగిపోయి బ్యాండు మేళం వాళ్ళు ఖాళీగా కూర్చున్నారన్న వార్తకి ఆ వేసవిలో శీర్షిక పెట్టింది నేనే. ఆ నెల మా ఇంటి లెక్కలోకి కూడా వస్తుందని తట్టలేదు.

తమ్ముడికీ తట్టలేదు. సంవత్సరీకం ఊళ్ళో పెడతామని అత్తవారు చెప్పారు కాబట్టి, అది ఏ రోజో వాళ్ళే కబురు చేస్తారని ఊరుకున్నాడు. ఫోన్లో మాత్రం, ఆదివారం పిల్ల పుట్టినరోజని మామూలుగా చెప్పాడు. ఆవిడ "అలాగా" అంది. మనవరాలికి తలంటి కొత్త గౌను వేస్తారు కాబోలు అనుకుని, ఆ పూట దగ్గరుండి, తర్వాత సంవత్సరీకానికి వెంటబెట్టుకు వెళ్దామని రైలెక్కింది. తగువుకి రాలేదు. డబ్బాలో ఉన్నవి పాప కోసం వేయించిన జీడిపప్పులు.

గేటు దగ్గర మాటలు విని తమ్ముడు బయటికి వచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, తల మీద గోధుమరంగు చెవులు, వెనక గోనె తాడు తోక.

"నువ్వూనా బాబూ?" అంది ఆవిడ.

చెవులు లాగేసుకున్నాడు. తోక సంగతి మరిచిపోయాడు. "ఏడాది అయిపోనాదనుకున్నాం అత్తా."

"ఎవులు సెప్పినారు?"

తమ్ముడు నా వైపు చూశాడు.

"తారీఖు ప్రకారం..." అన్నాను.

"తారీఖా? నీ పేపరు తారీఖా?" అంది ఆవిడ. "ఆ లెక్కకి నా కూతురు వత్తాదా?"

అప్పుడే పాప గుమ్మంలోకి వచ్చింది. అమ్మమ్మని చూసి కాసేపు పోల్చుకోనట్టు నిలబడింది. తర్వాత చేతులు నేలకి ఆనించి, నాలుగు కాళ్ళ మీద, తడిసిన మట్టిలో గేటు దాకా పాకుతూ వెళ్ళి భౌమని అరిచింది. ఆవిడ సంచీ డబ్బా వదిలేసి ఆ బురదలోనే కూలబడి పాపని ఒళ్ళోకి లాక్కుంది. "ఓలమ్మ, ఓలమ్మ, నా తల్లి కుక్కపిల్లయిపోనాదే" అంటోంది. అది నవ్వో ఏడుపో ఆవిడకే తెలిసి ఉండదు. అప్పటిదాకా నాలో కొంచెం కోపం ఉండేది. అది నిలవలేదు.

స్టూలు వేసుకుని తోరణం దింపాను. ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి తమ్ముడు నీళ్ళు తెచ్చాడు. ఎనిమిది మందిలో వచ్చింది ఇద్దరే, ఒడియా వాళ్ళ అక్కచెల్లెళ్ళు. తెలుగిళ్ళ నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళ తలుపులు మాత్రం ఓరగా తెరిచే ఉన్నాయి.

"పిల్లలకేటి తెలుసు, పెట్టీయమ్మా" అని ఆవిడే అంది. కేకుని వంటగట్టు మీద ముక్కలు కోసి వెనక వరండాలో ముగ్గురికీ పెట్టాను. ఆ కుక్క కూడా వచ్చింది, దానికీ ఒక ముక్క. పాప మూతి తుడుచుకుని, "పార్టీ ఖతమ్?" అంది.

"అయిపోయిందమ్మా."

"కిసీనే గానా నహీఁ గాయా." ఎవరూ పాట పాడలేదట. నేను పళ్ళేలు తీశాను.

ఆవిడ రెండు రోజులుంది. పాపని వెంటబెట్టుకు వెళ్ళే రోజు పొద్దున దానికి జడ వేస్తూ, నా వైపు చూడకుండా, "నిన్నేటీ అనునమ్మా. పిల్లల్ని కన్నదానివి కావు, నీకు తెల్దు" అంది. నాకు తెలియనిది పిల్లల సంగతి కాదు, తిథి సంగతి. ఆ మాట నోటిదాకా వచ్చింది. జడ చక్కగా వేస్తోంది. రిబ్బను అందించాను.

పుట్టినరోజు నుంచి పదిహేనో రోజున ఊళ్ళో సంవత్సరీకం జరిగింది. నన్ను రమ్మనలేదు. తమ్ముడు వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు.

"కొన్నాళ్ళు ఉంచుకుంతానంతన్నాది అప్పా."

"ఎన్నాళ్ళు?"

"అడగనేదు."

ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేసేది నేను. పాప చక్కగా తెలుగులోనే మాట్లాడుతోంది, వాళ్ళ ఊరి యాసలో. అక్కడ మేక ఈనిందని చెప్పింది. నేను ఎప్పుడు వస్తానని ఒకసారి అడిగింది. నేనడగాల్సింది అదే కదా అనుకుంటూ, మేకకి ఎన్ని పిల్లలని అడిగాను.

పాప పేరు ఇక్కడి బడి రిజిస్టరులో ఇంకా ఉంది. మూడు నెలల పరీక్షల దాకా సీటు ఉంచుతామని, ఆ తర్వాత పిల్లయినా రావాలి, టీసీ దరఖాస్తయినా రావాలని ఆఫీసులో చెప్పారు. దరఖాస్తు మీద సంతకం తండ్రిదే ఉండాలి. ఫారం తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. పరీక్షలు వచ్చే సోమవారం మొదలవుతాయి. అతను ఫారం నింపలేదు, పాపని తీసుకురావడానికి టెక్కలికి టికెట్టూ తీయలేదు.