స్టూడియోలో శెనిక్కాయలు

మా వెంకటేశులుకు బహుమతి వచ్చిందని ఇప్పుడు ధర్మవరమంతా చంకలు గుద్దుకుంటోంది గానీ, మొదటి క్యాసెట్టు తీసేనాడు ఒక్కడంటే ఒక్కడు ఆయన్ను లెక్కచేయలేదు. పక్కన డోలక్కు వాయించేవాణ్ని, నాకు తెలియదా!

డెబ్బైల్లో నాటకాలకు హార్మోనీ వాయిస్తూ, భజన గుంపులకు వరసలు కడుతూ ఊళ్లు తిరిగాడు. వాళ్ల నాయన రామదాసు పట్టుచీరల నేతగాడు. తన మగ్గం పక్కనే ఇంకో మగ్గాన్ని కొడుకు కోసమని ఖాళీగా ఉంచాడు. ఎవరడిగినా ఇవ్వడు. ఎనభైమూడులో వెంకటేశులు సొంతంగా పాటల క్యాసెట్టు తీస్తానంటే ఒకటే మాట అన్నాడు.

"ఇదొక్కటి చూస్తా. కుదరలేదంటే ఆ హార్మోనీ అటకెక్కించి మగ్గంలో కూచోవాల."

"సరే నాయనా" అనేశాడు వెంకటేశులు.

బెళుగుప్ప దగ్గరి పల్లెలో, వేరుశెనగ విత్తనాల కోసం శెనిక్కాయలు వొలుస్తూ ఆడవాళ్లు పాడుకునే పాటలంటే ఆయనకు ప్రాణం. వాటికి తానే కొత్త చరణాలు, వరసలు కట్టి ఆ పల్లె పాటగత్తె తిప్పమ్మకూ ఆమె జట్టుకూ నేర్పించాడు. అందరినీ రైలెక్కించి బెంగుళూరు స్టూడియోకు తీసుకుపోయాం. సాయంత్రం దాకానే గది మాది.

ఊళ్లో గొంతెత్తితే పొలిమేర దాకా వినిపించే తిప్పమ్మ, మైకు ముందు నిలబెట్టగానే బిగుసుకుపోయింది. రెండు ముక్కలు పాడి మూడోది మరిచిపోతుంది. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. మధ్యాహ్నం దాటింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మా, నోట్లో ఏం పెట్టుకోనుండావు?" అని అరిచాను.

తిప్పమ్మ ఊరుకుంటుందా! "నువ్వు చేతులు కట్టుకోని డోలక్కు వాయించప్పా, చూస్తాం! చేతిలో పని లేకుండా పాట యాడనుంచి వస్తాది?"

ఆ మాట వింటూనే వెంకటేశులు బయటికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి నెత్తిన శెనిక్కాయల మూట! గది మధ్యలో కుమ్మరించి, "కూచోండమ్మా, వొలవండి" అన్నాడు.

ఇంక చూడండి! పటపటమని కాయలు పగులుతుంటే పాట దానంతటదే లేచింది. చప్పుడు పడుతోందని రికార్డింగాయన గొణిగాడు.

"ఉండనీ సార్, అదీ పాటలోదే" అన్నాడు వెంకటేశులు. పొద్దుగుంకేలోపు పాటలన్నీ అయిపోయాయి.

ఆ క్యాసెట్టు కదిరి బస్సుల్లో మోగింది, గుంతకల్లు టీ అంగళ్లలో మోగింది. ఎనభైఐదులో హైదరాబాదులో శాలువా కప్పి బహుమతి ఇచ్చారు. తెచ్చి నాయన ముందు పెడితే ఆయన "ఊఁ" అని మళ్లీ నేతలో పడ్డాడు. అంతే! రాయి కూడా అంతకంటే నయం అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి, కొడుకు కోసం ఉంచిన మగ్గంలో పక్కింటి ఈరన్న కూర్చుని ఉన్నాడు. ఏళ్ల తరబడి అడిగి అడిగి విసిగిపోయినవాడు. వెంకటేశులు గడపలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం నాయనా, ఆ మగ్గం..."

"ఈరన్నకు ఇచ్చినా" అన్నాడు రామదాసు, తలెత్తకుండా. "నీకింక తీరిక యాడుంటాదప్పా? మీవోడు ఇంగో టేపు ఎప్పుడు తీస్తాడని బజార్లో నన్ను నిలేస్తాండారు."

వెంకటేశులు అక్కడే కూలబడి, నవ్వుతూనే ఏడ్చేశాడు.