మూడో బల్ల చివర, కిటికీ పక్కన

ఇరవై రెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దానిని ఇప్పుడు కాగితం మీద దించడానికి కారణం ఉంది. పోయిన నెల రేపల్లెలో యాకోబు గారిని సమాధి చేసినప్పుడు ఆయన భార్య నాతో, "ఆ రోజు ఈయన మీ మాట తలకెక్కించుకుని ఉంటే నా పిల్ల దక్కేదండి సార్" అన్నది. నేను తల ఊపాను. ఆమె నమ్మినది అబద్ధం. ఆ అబద్ధం నాది.

అప్పుడు నేను రేపల్లె సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయుణ్ణి. క్రమమంటే ప్రాణం. జూన్‌లో కూర్చున్న చోటనే ఏప్రిల్ దాకా కూర్చోవాలి. బాపట్లలో శిక్షణనిచ్చిన మాస్టారు, పేరు పిలిచి ముఖం చూసిన తరువాతనే హాజరు వేయమన్నారు. నాకది కాలహరణమనిపించింది. గుమ్మంలో నిలబడి ఒక్క చూపుతో నలభై మందికీ హాజరు వేసేవాణ్ణి. ఏళ్ల తరబడి ఒక్క తప్పూ రాలేదు. రాలేదా? లేక ఎవరూ వెదకలేదా?

యాకోబు గారి కుమార్తె రూతుది మూడో బల్ల చివర, కిటికీ పక్కన. ఆ ఉదయం ఆమెను చూశాను. తల వంచుకొని పుస్తకం తిరగేస్తోంది. ఒక రిబ్బను ఊడి భుజం మీద వేలాడుతోంది. హాజరు వేశాను.

పదకొండు గంటలకు యాకోబు గారు అన్నం క్యారేజీతో వరండాలోకి వచ్చారు. కాలువ లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించడం ఆయన ఉద్యోగం. రూతు రోజూ కాలువ గట్టు మీద సైకిలు తొక్కుతూ, ఆ లాకులు దాటి బడికి వచ్చేది.

"సార్, మా రూతమ్మ వచ్చిందాండి?"

"ఏంటి సందేహం?"

"రోజూ లాకుల కాడ బెల్లు కొట్టి పోద్దండి. ఇయ్యాల కనపళ్లా. క్యారేజీ కూడా ఇంటికాడే మర్చిపోయిందని వాళ్లమ్మ రోడ్డున వచ్చేవాళ్ల చేత నాకు పంపింది, తల మర్చిపోలా, నయం."

"మీరు గేటు తిప్పుతూ చూసి ఉండరు. వచ్చింది. మూడో బల్ల చివర, కిటికీ పక్కన. నా కళ్లతో చూశాను."

"అయితే నేనే చూసుకోలేదేమోనండి. ఒక్కసారి మొహం చూసి పోదునా?"

"పాఠం మధ్యలో పిల్లలను కదిలించను."

"అట్టాగేనండి."

తరగతి గది అక్కడికి పది అడుగులు. రిజిస్టరు నా చేతిలో ఉంది. నేను రిజిస్టరే చూశాను.

మధ్యాహ్నం క్యారేజీ వరండాలోనే ఉంది. తల్లి మీద అలిగిందనుకున్నాను. సైకిళ్ల వరుసలో ఒక ఖాళీ. పంక్చరై నడిచి వచ్చిందనుకున్నాను. ఆమె ఉన్నదని ఒకసారి తీర్మానించుకున్నాక, లేదని చెప్పే ప్రతి వస్తువు చేతా ఉన్నదనే చెప్పించాను. తరువాతి పీరియడ్ల ఉపాధ్యాయులు నా గుర్తును నమ్మారు. నేను నా చూపును నమ్మాను.

సాయంత్రం పశువులు తోలుకొచ్చేవారికి గట్టు కింద తుంగలో సైకిలు కనిపించింది. రూతు దాని కింద ఉంది. ఉదయం బడికి వస్తూనే పడిపోయింది. లాకుల నుంచి ఇంటివైపు తండ్రి వెనక్కి నడిస్తే పావుగంట దూరం. అప్పటికింకా ఊపిరి ఉంది. తెనాలి ఆసుపత్రికి చేర్చాక పోయింది. మధ్యాహ్నంలోగా తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు గారన్నారు.

ఆసుపత్రిలో నేనున్నాను. ఆమె రెండు రిబ్బన్లూ బిగించి కట్టి ఉన్నాయి. ఊడిన రిబ్బను గురించి నేను మందలించింది అంతకు ముందు రోజు. మరి ఆ ఉదయం నేను చూసినది ఎవరిని? నా మనసు నిన్నటి రూతును తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టింది. నన్ను అడగలేదు.

అంతవరకు పొరపాటు. మర్నాడు చేసినది పొరపాటు కాదు. హాజరు గుర్తును బ్లేడుతో గీకి, గైర్హాజరు వేశాను. విచారణకు వచ్చిన అధికారితో, "అమ్మాయి రాలేదని తండ్రికి అప్పుడే చెప్పాను" అన్నాను. యాకోబు గారు అక్కడే నిలబడి ఉన్నారు. నా ముఖం చూశారు. "సార్ చెప్పే ఉంటారండి. నాకే తలకెక్కలేదు" అన్నారు. ఆయన నటించలేదు. నా చూపుకు జరిగినదే ఆయన జ్ఞాపకానికీ జరిగింది. ఈసారి చేసినవాణ్ణి నేను. ఆ నింద ఆయన సమాధి దాకా మోశారు.

దీని మొదటి ప్రతి రూతు తల్లికి పంపాను. క్షమించమని అడగలేదు. రాసినంత మేరకు ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.

తెనాలిలో ఈ గదిలో కళ్లు మూసుకుంటే ఆ తరగతి వస్తుంది. ఆ చోటును ఖాళీగా ఊహించుకోవాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఆమె తల వంచుకొని పుట తిప్పుతుంది.

కనుక నా జ్ఞాపకాన్ని నమ్మకండి. ఇందులో తప్పులుంటే దిద్దండి. ముఖ్యంగా ఆనాడు ఆ గదిలో కూర్చున్నవారిని అడుగుతున్నాను. మూడో బల్ల చివర ఎవరూ లేరని ఒక్కరైనా నాకు రాయండి. నాకింకా కనిపిస్తోంది.