మూడేళ్లు కదలని రిలే

స్టోరుకీపరు అరలోంచి ఏ పెట్టె తీసినా ముందు దాని మీద వేలితో గీత గీసి చూసేవాడు. వేలికి దుమ్ము అంటకపోతే కదిలే సరుకు. అంటితే పడి ఉన్న సరుకు. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా అతని లెక్క తప్పలేదు.

పడి ఉన్న సరుకు తగ్గించమని పైవాళ్లు అన్నప్పుడు జాబితా అతనే రాశాడు. పాతరకం లిఫ్టుకు తలుపు మూసుకుందని తెలియజేసే రిలే ఒకటుంది. మూడేళ్లుగా దాన్ని అడిగినవాడు లేడు. అదీ వెనక్కి పోయింది.

"ఉన్న ఒక్కటీ ఊడ్చేశారా గురువుగారూ? ఎవరైనా అడిగితే మీ వేలు చూపించనా?" అన్నాడు మెకానిక్.

"తెప్పిద్దాంలేవోయ్. ఐదు రోజుల్లో వస్తుంది."

నెల తిరక్కుండానే స్టోరుకీపరు అక్క ఉండే భవనంలో లిఫ్టు ఆగింది. పోయింది ఆ రిలేయే. ఆమెది ఆరో అంతస్తు. మోకాళ్లు మెట్లకు పనికిరావు. బావ ఆస్పత్రిలో ఉన్నాడు. చెవుడు కాబట్టి ఫోనూ లేదు. రోజూ సాయంత్రం ఆమె వెళ్లి తన చేత్తో తినిపిస్తే తినేవాడు.

"కుర్చీలో దింపుతాం అక్కా. నలుగురం ఉన్నాం."

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుందిరా. ఇప్పట్నించే అలవాటెందుకు? ఆ రిలే ఎన్నాళ్లలో వస్తుంది?"

"ఐదు రోజులు."

"సరే. అలగొద్దని మీ బావకి చెప్పు."

ఆస్పత్రికి వెళ్లి కాగితం మీద రాసి చూపించాడు. బావ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

ఐదూ గడిచాయి. ఓడరేవులో సరుకు ఆగిందని ఫోను వచ్చింది. ఆరో రోజు బావ గది గుమ్మం వైపే తిరిగి పడుకున్నాడు. నర్సు ఇటు తిప్పితే మళ్లీ అటే తిరిగాడు. ఏడో రోజు మధ్యాహ్నం పోయాడు.

అప్పుడు అక్కను కుర్చీలోనే దించారు. ముందుకాళ్లు అతను పట్టుకున్నాడు. నూట పన్నెండు మెట్లు. ఆఖరి మెట్టు దిగాక ఆమె అతని వైపు తిరిగింది.

"నేను వద్దన్నాననుకో. నువ్వు వినకుండా ఉండాల్సిందిరా," అంది.

అంత్యక్రియలయ్యాక ఆమెను మళ్లీ కుర్చీలోనే పైకి చేర్చారు. మర్నాడు పొద్దున రిలే వచ్చింది, ఒక్కటే. స్టోరు తాళం తన దగ్గరే ఉండడంతో అతనే వెళ్లాడు. ఈలోగా ఇంకో భవనంలోనూ అదే రిలే పోయింది. అక్కడ నాలుగో అంతస్తులో ఒకావిడకు నెలలు నిండాయి. అక్కకు ఫోను చేసి సంగతి చెప్పాడు.

"వాళ్లకే ఇవ్వు. నాకిప్పుడు కింద ఏం పని?" అంది.

రిలే మెకానిక్ చేతిలో పెట్టి, ఆ భవనం చిరునామా రాసిచ్చాడు. స్టోరుకు తాళం వేశాడు. అక్క ఇంటికి వెళ్లి మెట్లెక్కసాగాడు.