మొక్కు మేకపోతు, నా మోకాలి చిప్ప

ఆ శుక్రవారం పొద్దున హనుమకొండ బజారులో మా కిరాణా దుకాణం తాళం తీద్దామని వంగాను. వెనకనుంచి ఏదో కుమ్మింది. మోకాలు రాతిమెట్టుకు కొట్టుకుంది. లేద్దామంటే కాలు నా మాట వినలేదు. తిరిగి చూస్తే పక్కింటి మల్లమ్మక్క మేకపోతు!

అది సమ్మక్క తల్లికి మొక్కిన మేకపోతు. బజారంతా దానిదే, ఎవరూ అదిలించరు. నేనూ ప్రతి శుక్రవారం బెల్లం పెట్టి, అరచేత్తో నుదుటికి పసుపు అదిమి రాసేవాణ్ణి. అది తలతో నెట్టేది, నవ్వుతూ నేనూ నెట్టేవాణ్ణి. నేను భక్తి అనుకున్నాను. అది కుస్తీ అనుకుంది. ఆ శుక్రవారం నాకంటే ముందే మొదలుపెట్టింది.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. "పటెల్లా ఫ్రాక్చర్, మోకాలి చిప్ప పగిలింది. ఆరు వారాలు ప్లాస్టర్. ఎట్ల పడ్డవు సేటూ?" అన్నారు డాక్టరు గారు. మేక కుమ్మిందంటే కాంపౌండర్ నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు.

ప్లాస్టర్ విప్పాక మోకాలు వంగలేదు. "స్టిఫ్‌నెస్ వచ్చింది. ఎక్సర్‌సైజ్ చెయ్యకుంటే ఇంక ఇంతే" అన్నారు. దుకాణంలో గద్దె మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటేనే మా తక్కెడ అందుతుంది.

"ఇంట్ల కూసో. దుకాణం మీ తమ్ముడు చూసుకుంటడు" అంది మా ఆవిడ.

"నా గద్దె మీద నేనే కూసుంట" అన్నాను.

కిలోలు వచ్చాక పాత సేరు రాళ్లు మూలన పడి ఉన్నాయి. ఒకటి మడమకు కట్టి, బల్ల అంచున కూర్చొని, పూటపూటా కాలు కిందికి దించేవాణ్ణి. కేకలు బజారంతా వినబడేవి. ఆత్రంకొద్దీ ఒకరోజు రెండు సేర్లు కట్టాను. మోకాలు వాచి నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు అర్ధసేరుతో మళ్లీ మొదలుపెట్టాను.

"తప్పయింది తమ్మీ. జాతర దాక జర ఓపిక పట్టు" అంది మల్లమ్మక్క.

"దాన్నేమనను గని అక్కా, అది పోయేనాటికి కట్టె లేకుంట నడుస్త."

మేకపోతును జాతరకు తోలుకుపోయే పొద్దున కట్టె లేకుండానే మెట్లు దిగాను. పసుపు ఈసారి వీపుకు రాశాను. అది తల వంచింది, నేను పక్కకు జరిగాను. ఎందుకో ఏడుపొచ్చింది.

ఇప్పుడు గద్దె మీద బాసింపట్టు వేసుకొనే కూర్చుంటున్నాను. ముసురు పడితే మోకాలు సలుపుతుంది, అంతే. మొన్న మల్లమ్మక్క తల్లికి కొత్త మేకపిల్లను మొక్కింది. ముద్దుకైనా, భక్తికైనా మేక నుదురు అరచేత్తో నెట్టకండి. దానికి వీపు చూపించి వంగకండి. మా దుకాణం తాళం ఇప్పుడు ఛాతీ ఎత్తున ఉంది.