కొండ కప్ప ఏ పార్టీది?

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు పల్లెల్లో మనిషికి పేరు లేకపోయినా జరిగేది గానీ, పార్టీ లేకపోతే జరిగేది కాదు. మా ఊళ్లో పై వీధిదొక పార్టీ, కింది వీధిదొక పార్టీ. రెండూ వద్దన్నానని మూడేళ్లు నన్నెవరూ పలకరించలేదు. ఇరవై రెండేళ్లవాణ్ణి, కొండ కింద కొట్టంలో గొర్రెలు కాసుకుంటూ, ఉప్పు కావాలన్నా అంగట్లో వేలు చూపించి కొనుక్కునేవాణ్ణి (అంగడాయనదీ ఒక పార్టీయే మరి!). ఇక నేను కబుర్లు చెప్పుకున్నది కొండమీద ఊట పక్కన, బండ నెర్రెలో కాపురమున్న బోదురుకప్పతోనే. ఒళ్లంతా పొక్కులు, రాతి రంగు. ఎండాకాలమంతా తడిమట్టిలో దిగబడి, తొలి వానకే బయటికొస్తుంది. ఇది నాకు ఏ బడీ చెప్పలేదు, నేనే కూర్చుని చూసి నేర్చుకున్నాను.

ఆ ఏడు వానల్లేవు. వాన కోసం రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించే మొక్కు తీర్చాలంటే, ఎండిన బావుల్లో కప్పే దొరకలేదు. ఒక పొద్దున పై వీధి పెద్దాయన నా కొట్టం ముందుకొచ్చాడు.

"ఏమప్పా, బాగుండావా? కొండమీద కప్ప యాడుందో నీకు తెలుసంట గదా. మాకే ఇయ్యాల. కింది వీధోల్లకిస్తే వాన వాల్ల చేన్లలోనే పడ్తాది."

నవ్వాల్సింది పోయి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరే మామా" అన్నాను. మధ్యాహ్నం కింది వీధి పెద్దాయనా వచ్చి అదే అడిగితే, ఆయనకూ "సరే మామా" అన్నాను (కాదంటే మళ్లీ మాట్లాడడు కదా!).

మర్నాడు రెండు పార్టీలూ, తడి తప్ప నీళ్లు మిగలని ఆ ఊట దగ్గర ఎదురుపడి కట్టెలెత్తాయి. "అరవబాకండి! అలికిడైతే ఇంకా లోపలికి పోతాది" అన్నాను. అంతే, నెర్రెకు ఆ పక్క వాళ్లు, ఈ పక్క వీళ్లు, మధ్యలో నేను.

"ఎప్పుడొస్తాదిబ్బా?"

"వస్తాది మామా."

మూడు పగళ్లు అట్లాగే కూర్చున్నారు. బీడీలు ఆ పక్కనుంచి ఈ పక్కకు వచ్చాయి. ఎవరో నా చేతిలో సంకటి ముద్ద పెట్టారు. "ఒక్కనివే ఎట్లుంటాండావురా ఈడ?" అని పై వీధాయన గుసగుసగా అడిగాడు. వాన పడితే తప్ప కప్ప రాదని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే లేచిపోతారు.

మూడోనాటి సాయంత్రం వాన దంచింది. అందరూ కేకలేస్తూ, తమ చేన్లలో పడిందో లేదో చూసుకోవడానికి కొండ దిగి పరుగెత్తారు. అప్పుడు తాపీగా నడిచి వచ్చింది మా కప్ప, చూసేవాడు నేనొక్కణ్ణే.

మళ్లీ ఎవరూ పలకరించలేదు. వాళ్లమీద నా కోపం ఈ వయసులోనూ చల్లారలేదు. కానీ, తన గొర్రెలే దాహంతో నాలుకలు వేలాడేసిన ఆ మూడు రోజులూ, "స్వామీ, ఇంకొక్కరోజు వాన పడనీకు" అని మొక్కుకున్న ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాడు గుర్తొస్తే, వాణ్ణి తిట్టబోయి నవ్వేస్తాను.