అతకని పోగు

మా మగ్గం మీద తీసిన డాక్యుమెంటరీకి బహుమతి వచ్చిందని, కరీంనగర్‌లో సభ పెట్టి ఇస్తారని కబురొచ్చిన నాటి నుంచి బాపు సరిగా అన్నం తినలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట ఇది. వాడకట్టంతా సంబరపడుతుంటే ఈయనకేమైందని అవ్వ, అంటే మా అమ్మ, విసుక్కుంది. కారణం నాకొక్కదానికే తెలుసు.

ముందటేడు హైదరాబాదు నుంచి కెమెరాతో వచ్చినవాళ్లు బాపు నేత తీస్తుండగా, ఎడమ అంచు దగ్గర పడుగు పోగొకటి తెగింది. పోగు తెగితే మగ్గం ఆపి అతకాలి. నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెప్పే మాట అది. బాపు ఆపబోతే సినిమా తీసే సారు "ఆగొద్దు, ఆగొద్దు" అన్నాడు. బాపు ఆగలేదు. వాళ్లు పోయాక అతికాడు గానీ, అప్పటికే ఆ పోగు లేకుండా మూరెడు నేత అయిపోయింది. పక్కనే నూలు కండెలు చుడుతూ నేను చూశాను. ఆ చీరను ఆయన అమ్మకుండా పెట్టె అడుగున దాచాడు.

"గంత చిన్న పోగు ఎవలకు కనవడ్తది బాపూ" అన్నాను, సభకు పోతున్న బస్సులో.

సభలో ముందు సినిమా వేశారు. తెర మీద మా బాపు గోడంత ఉన్నాడు. ఆ పోగూ ఆయనతో పాటే పెరిగి తాడంత లావున వేలాడింది. మా వెనక వరుసలో కూర్చున్న మా వాడ నేతగాళ్లు ఒక్కసారిగా గమ్మునయ్యారు. మిగతా హాలంతా చప్పట్లు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

సారుకు పతకం ఇచ్చాక బాపును పిలిచి శాలువా కప్పారు, రెండు మాటలు చెప్పమన్నారు.

"పోగు తెగింది మీరు చూసిండ్రు. సారు ఆగొద్దన్నడు గని, చెయ్యి నాది. అతకాలె, అతకలే. తప్పు నాదే."

వేదిక మీది పెద్దలు అది వినయమనుకుని నవ్వి, మళ్లీ చప్పట్లు కొట్టారు. మా వెనక వరుస కొట్టలేదు. బాపుకు నేత నేర్పిన పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. బాపు దిగి వచ్చేదాకా కూర్చోలేదు.

తెల్లారి బాపు ఆ చీర వాకిట్లో పరిచి, పోగు లేని మూరెడు దూరమూ సూదితో పూడ్చుకుంటూ పోయాడు. సూదికి దారం ఎక్కించి ఇచ్చింది నేనే. బస్సులో నేనన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేను మరిచిపోనూ లేదు.

ఆ చీర అవ్వ కట్టింది, కట్టి కట్టి చింపింది కూడా. సినిమాను మాత్రం ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో వేశారో. వేసిన ప్రతిచోటా ఆ పోగు తెగుతూనే ఉంటుంది, మా బాపు ఆగకుండా నేస్తూనే ఉంటాడు.